కొండ కదిలిన మధ్యాహ్నం

నేపాల్ కొండదారిలో బస్సు ఆగి చాలాసేపయింది. ముందెక్కడో మట్టిపెళ్లలు విరిగిపడ్డాయని, తీసేదాకా కదిలేది లేదని డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఒకవైపు నిట్టనిలువు కొండ. ఇంకోవైపు లోయ, దాని అడుగున బురదనీళ్లతో ఉరుకుతున్న నది. వాన తగ్గింది కానీ కొండ మీది నుంచి నీళ్లు ధారలుగా రోడ్డు మీదికి దుంకుతూనే ఉన్నాయి.

ఉమారాణి లోయవైపు చూడకుండా ఉండాలని ముందు సీటుకు వేలాడుతున్న సంచీనే చూస్తూ కూచుంది. మహబూబాబాద్‌లో జాకెట్లు కుట్టే షాపు ఆమెది. ఇప్పటిదాకా ఆమె పోయిన దూరమంటే తిరుపతే. ఈ మొక్కు ఆమెది కాదు, ఆడబిడ్డ శకుంతలది. శకుంతల భర్త జగపతి భూపాలపల్లి వైపు పలుకుబడి ఉన్న మనిషి. ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, బాగైతే ముక్తినాథుని దగ్గరికి వస్తానని ఆమె మొక్కుకుంది. మోకాళ్ల నొప్పులతో ఒంటరిగా పోలేక, "ఉమను నాతోని తోలియ్యి" అని తన తమ్ముడు, ఉమారాణి భర్త యుగేందర్‌కు ఫోన్ చేసింది. ఉమారాణిని వస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు.

జనగామ నుంచి ఏటా వంట సామానుతో యాత్ర బస్సు నడిపే యాకయ్య, ఈసారి వానలు వెనకబడ్డాయి, ఏం భయం లేదన్నాడు. దర్శనం సవ్యంగానే అయింది. తిరుగుదారిలోనే ఇట్లా చిక్కుబడ్డారు.

"ఉమా, జర ఒంటికి పోవాలె," అంది శకుంతల మెల్లగా. "ఇగ ఆపుకోలేను."

ఇద్దరూ దిగారు. బస్సు చుట్టూ మగవాళ్లు నిలబడి ఉన్నారు. ముందుకు నడిచి మలుపు తిరిగితే అక్కడొక రేకుల షెడ్డు కనిపించింది. టీ కొట్టు. బక్కపల్చటి నేపాలీ ఆమె ఒకతి పొయ్యి ఊదుతోంది. ఉమారాణి సైగ చేస్తే, నవ్వి, షెడ్డు వెనక తడక చూపించింది.

శకుంతల తడక వెనక నుంచి వచ్చి కొంగు సర్దుకుంటుండగా కొండ మీది నుంచి చిన్న రాళ్లు రాలాయి. పిడికెడు పల్లికాయలు రేకుల మీద పోసినట్టుంది చప్పుడు. ఆ వెంటనే కాళ్ల కింద నేల వణికింది. మలుపు దగ్గర కొండ, చెట్లతో సహా, నిలబడ్డట్టే కిందికి జారింది. ఉమారాణి వదినెను పట్టుకుని షెడ్డు గోడకు కరుచుకుంది. మట్టివాసన ముక్కుల్లో నిండింది. చప్పుడు ఆగాక చూస్తే మలుపు లేదు. ఇంటి ఎత్తున బురద, బండలు, వేళ్లు పైకి తేలిన చెట్లు. బస్సు అటువైపు ఉండాలి. ఉందో లేదో తెలియదు.

"బస్సు మీద వడ్డదా?" అంది శకుంతల.

"లేదు వదినె. బస్సు ఇంకా ఎనుకకు ఉండె," అంది ఉమారాణి. ఆ మాట నిజమో కాదో ఆమెకే తెలియదు. ఫోను తీసింది. సరిహద్దు దాటినప్పటి నుంచీ అది మూగబోయే ఉంది. ఇక్కడి సిమ్ముకార్డు యాకయ్య ఒక్కడి దగ్గరే ఉంది.

టీ కొట్టు ఆమె బయటికి వచ్చి కొండవైపు తలెత్తి చూసింది. మరుక్షణం లోపలికి పోయి మేకపిల్లను చంకన పెట్టుకుని వచ్చింది. "మాథి! మాథి!" అంటూ షెడ్డు పక్కన పైకి పోయే సన్నటి కాలిబాట చూపించి చెయ్యి ఊపింది. పైకి రమ్మంటోందని ఉమారాణికి అర్థమైంది.

"నేను రాను," అంది శకుంతల. "కూలేదే కొండ, మళ్ల కొండెక్కుమంటదేంది? రోడ్డు మీదుంటే ఎవలన్న వస్తరు. యాకయ్య మనల ఇడిసిపెట్టి పోతడా? ఆమె ఎవలో, ఏందో."

ఆ మాటలోనూ న్యాయం ఉంది. ఉమారాణి ఒకసారి రోడ్డు చూసింది, ఒకసారి బాట చూసింది. ఎటు పోతే బతుకో చెప్పేవాళ్లు లేరు. అంతలో ఆమె చూపు షెడ్డులోకి పోయింది. పొయ్యి మండుతూనే ఉంది. దాని మీద పాలు పొంగి కారుతున్నాయి. గల్లా డబ్బా బల్ల మీదే ఉంది. పొయ్యి మీద పాలను, గల్లా డబ్బాను ఇడిసి ఉరికే మనిషి ఉత్తగ ఉరకదు అనుకుంది.

"వదినె, నడువు."

"నా మోకాళ్లు—"

"నడువుమంటున్న." పెళ్లయినప్పటి నుంచి ఆ ఆడబిడ్డ ముందు ఆమె గొంతు పెంచింది లేదు. "నడువకుంటే ఈడ్సుకపోత. నువ్వేమనుకున్నా సరే."

శకుంతల బిత్తరపోయి చూసింది. తర్వాత చెయ్యి అందించింది.

బాట అంతా జారుడు. ముందు నేపాలీ ఆమె, మధ్యలో శకుంతల, వెనక ఉమారాణి. పదడుగులకోసారి శకుంతల ఆగిపోతోంది. ఉమారాణి ఆమె నడుముకు భుజం ఆనించి పైకి నెడుతోంది. ఒకచోట బాటను కోసుకుంటూ నీటికాలువ దుంకుతోంది. నేపాలీ ఆమె రాయి మీద కాలు పెట్టి అవతలికి దాటింది. శకుంతల కూడా అదే రాయి మీద కాలు పెట్టింది. రాయి కదిలింది.

ఆమె ఒక పక్కకు ఒరిగి నీళ్లతో పాటు కిందికి జారింది. ఉమారాణి చేతికి దొరికింది చీర కొంగొక్కటే. బరువుకు తనూ బోర్లా పడింది. మోచేతులు బండకు గీరుకుపోయాయి. కొంగు చరచరా చిరుగుతోంది.

"ఇడువకే ఉమా," అంది శకుంతల. అరుపు కాదు అది, ఊపిరి.

"ఇడువ. చెట్టు వేరు పట్టుకో. నీ ఎడమపక్క. అగో, అది."

శకుంతల చెయ్యి తడుముకుంటూ పోయి వేరును అందుకుంది. అప్పటికి నేపాలీ ఆమె మేకపిల్లను వదిలేసి, నడుముకు చుట్టుకున్న పొడుగాటి గుడ్డ విప్పి ఒక కొస విసిరింది. ఉమారాణి నీళ్లలోకి దిగి దాన్ని వదినె చంకల కిందినుంచి తిప్పి ముడేసింది. పైనుంచి ఒకరు గుంజారు, కిందినుంచి ఒకరు నెట్టారు. శకుంతల మోకాళ్ల మీద పాకుతూ అవతలి గట్టెక్కి, బురదలోనే బోర్లా పడుకుంది.

వాళ్లు పైన ఉన్న మక్కచేను మొదటి మడికి చేరారో లేదో, కింద మళ్లీ ఆ చప్పుడు. ముగ్గురూ వెనక్కి తిరిగారు. కొండ పక్కభాగం ఒకటి విడిపోయి, రోడ్డును, రేకుల షెడ్డును, వాళ్లు నిలబడిన తావును కలిపి నదిలోకి నెట్టింది. ఒక రేకు ముక్క గాలిలో తిరుగుతూ పోయి నీళ్లలో పడింది. అంతే.

నేపాలీ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. మక్కకర్రలు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"నీ పేరేంది అక్కా?" అని ఉమారాణి గుండె మీద చెయ్యి వేసుకుని, "ఉమ" అని చెప్పింది.

"మాయా," అందామె.

మాయా వాళ్లను చేలగట్ల వెంట, ఇండ్ల వెనకగా నడిపించి, కూలిన మలుపుకు అవతల రోడ్డు పక్కనున్న బడి దగ్గరికి దించింది. దారంతా శకుంతల ఒక్కటే మాట గొణిగింది: "బస్సు ఉంటదా? ఉమా, బస్సు ఉంటదా?" ఆ బస్సులో ఉన్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే ఉమారాణి కళ్ల ముందుకు వస్తున్నాయి.

బడి ముందర జనం. ఆ గుంపులోంచి యాకయ్య పోలీసులతో వచ్చీరాని హిందీలో కొట్లాడుతున్న గొంతు వినిపించింది. "మా ఇద్దరు ఆడోళ్లు అటు ఉన్నరు సాబ్, ఎవలు పోకుంటే నేనే పోత." అంటూ తిరిగి చూశాడు. ఉరికి వచ్చి ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు.

బస్సు దక్కింది. ముందు పక్క కిటికీ అద్దం పగిలి సత్తెమ్మ అనే ముసలామె నుదుటికి దెబ్బ తగిలింది. మిగతావాళ్లంతా క్షేమం. బడిలో బెంచీల మీద కూచున్నాక ఎవరో టీ గ్లాసు అందిస్తే, ఉమారాణి దాన్ని నోటిదాకా ఎత్తలేకపోయింది. టీ అంతా ఒళ్లోకి ఒలికిపోతోంది. శకుంతల ఆ గ్లాసు తీసుకుని, ఊదుతూ, చిన్నపిల్లకు తాపినట్టు తాపింది.

"నిన్ను ఈడ్సుకపోత అన్నందుకు," అంది ఉమారాణి.

"తాగు ముందుగాల," అంది శకుంతల.

ఈ గొడవలో మాయా ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

రెండు రోజులకు కొండను తొలిచి ఒక్క బండి పట్టేంత దారి చేశారు. పోలీసులు బస్సులను ఒక్కొక్కటిగా వదులుతున్నారు, ఎక్కడా ఆగొద్దని ఈలలు వేస్తున్నారు. కూలిన చోటు దాటాక, గట్టు కింద మట్టిలో గడ్డపారతో ఏదో తవ్వుతున్న మనిషిని ఉమారాణి గుర్తుపట్టింది. మేకపిల్ల పక్కనే ఉంది.

"ఆపుమను యాకన్నా," అంది.

"పోలీసోళ్లు ఆపనియ్యరమ్మా."

శకుంతల లేచి డ్రైవరు దగ్గరికి పోయి నిలబడింది. "ఆపు బిడ్డా. నేను దిగాలె." జగపతి ఇంట్లో పనివాళ్లకు హుకుం ఇచ్చే గొంతు అది. బస్సు ఆగింది.

మాయాకు అప్పటిదాకా దొరికింది సొట్టపోయిన ఒక కెటిలు, రెండు గ్లాసులు. వీళ్లను చూసి మట్టిచేతులతోనే నమస్తే పెట్టింది. శకుంతల కుంటుకుంటూ పోయి ఆమెను కావలించుకుంది. భాష లేదు. తర్వాత శకుంతల బస్సు వైపు తిరిగింది.

"యాకయ్యా, వంట సామాను దించు. గ్యాసు పొయ్యి, గిన్నెలు, బియ్యపు సంచి. అన్ని."

"అమ్మా, ఇంకా కాశీకి పోవాలె. దారిల మనం ఏం తింటం?"

"దొరికింది తింటం."

యాకయ్య బస్సులోకి చూశాడు. నుదుటికి కట్టు కట్టుకున్న సత్తెమ్మ అప్పటికే పప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని, దించుకునేవాళ్ల కోసం కిటికీలోంచి చూస్తోంది. ఉమారాణి బియ్యపు సంచికి ఒక పక్క పట్టింది. వెనక పోలీసు ఈల వేస్తూనే ఉన్నాడు.