నెత్తికెక్కిన కళ్ళు

చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, ఫ్యాంటు జేబుల్లో గుడ్డపీలికలు కుక్కుకుని, అతను గోడ ప్లగ్గు దగ్గరికి వెళ్ళాడు. రాత్రి చార్జింగు పెట్టిన లైటు మీద ఎర్రచుక్క పోయి పచ్చచుక్క వచ్చింది. వైరు ఊడదీసి, వెడల్పాటి నల్లపట్టీని తలకు తగిలించుకుని బిగించాడు. నుదుటి మీద అగ్గిపెట్టెంత డబ్బా కూర్చుంది.

"ఎలా ఉన్నానే?" అన్నాడు భార్యతో.

పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసిన ఆవిడ, నవ్వాలో వద్దో తేల్చుకోలేక, ముందు లైటు వెయ్యమంది. వేశాడు. ఆవిడ చప్పున మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

"కనబడుతోందా?" అంది ఆవిడ, చెయ్యి తియ్యకుండానే.

"బ్రహ్మాండంగా" అన్నాడు.

ఏడాదిగా ఆ ఇంట్లో ఆ విషయం మాట్లాడుకోవడమే లేదు. మాట్లాడుకోకుండానే ఆవిడ దారిలో ఉండే స్టూలును గోడవారకు జరిపేసింది. చెప్పులు ఎప్పుడూ ఒకే చోట పెడుతోంది. మెట్ల అంచులకు తెల్లరంగు పూసి, ఎందుకని అడిగిన పక్కింటివాళ్ళకు అందంగా ఉంటుందని చెప్పింది.

అతని చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తోంది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనబడుతుంది, గోడ గడియారంలో సన్నముల్లుతో సహా. పక్కనున్నది మాత్రం లేనట్టే. చీకట్లో అయితే ఆ ఎదురుగా ఉన్నది కూడా సగమే. మందు లేదనీ, అద్దాలు దండగనీ, కొన్నాళ్ళకు ఆ మిగిలిన మధ్యముక్క కూడా పోతుందనీ కళ్ళ డాక్టరు చెప్పేశాడు. చెప్పి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగాడు.

ఉండేది. తండ్రికి. ఆయన ఆఖరి రోజులన్నీ వీధి గుమ్మం పక్కన కుర్చీలో, గోడకేసి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. అడుగుల చప్పుడైతే చాలు, "ఎవరది?" అనేవాడు. పెళ్ళాం వచ్చినా ఎవరది, కొడుకు వచ్చినా ఎవరది, పిల్లి వచ్చినా ఎవరది. రానురాను ఇంట్లోవాళ్ళకు విసుగు పుట్టి, పిల్లి ఒక్కటే జవాబు చెప్పేది. అతనికి చావంటే అంత భయం లేదు. ఆ కుర్చీ అంటే భయం. పనికి వెళుతున్నంత కాలం అందులో కూర్చోనక్కర్లేదని ఒక లెక్క వేసుకుని, ఆ లెక్క మీదే బతుకుతున్నాడు.

అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. లిఫ్టు తిరిగే నిలువు గొయ్యిని వీళ్ళు బావి అంటారు. ఆ బావుల్లోనే అతని జుట్టు నెరిసింది. రెండు చేతులకూ పని ఉంటుంది కనుక టార్చిని నోట కరుచుకోవాలి. ముందుపళ్ళు అరిగి, టార్చి తోకనున్న రబ్బరు మీద గాట్లు పడ్డాయి. నోట్లో టార్చి ఉండగా మాటెలా వస్తుంది? ఉలకని పలకని మనిషని పేరు పడిపోయి, చివరికి అందరికీ టార్చి బాబాయి అయ్యాడు. ఆ టార్చిని అవసరం తీరగానే ఆర్పేస్తాడు. వెలుగుతున్నదాన్ని వదిలి వెళ్ళడం అతని ఇంటావంటా లేదు.

టార్చి వెలుగు ఎవరికైనా అంతంతమాత్రమే. అందరూ సగం చూసి సగం తడిమి పనిచేసేవాళ్ళే. ఆ తడుములాటలో అతని తడుములాట కలిసిపోయింది, ఇన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేదు.

నిన్న సాయంత్రం కంపెనీ స్టోరు చూసుకునే స్టోరమ్మ ఈ లైటును అతని చేతిలో పెట్టింది. ఒక రోజంతా పెట్టుకుని పనిచేసి, రోజువారీ వాడకానికి పనికొస్తుందో లేదో చెప్పమంది. బాగుందంటే అందరికీ తెప్పిస్తారట, లేదంటే తిప్పి పంపేస్తారట. పాతకాపువి నువ్వు చెప్పిందే ఖాయం అని కంపెనీ పెద్దాయన కూడా అన్నాడట. బొత్తం ఒకసారి నొక్కితే దూరం వెలుగు, రెండోసారి నొక్కితే పక్కలకు కూడా పరుచుకునే వెడల్పు వెలుగు అని ఆవిడ వివరంగా చెప్పింది. పక్కలకు అన్న మాట దగ్గర అతని మనసు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తప్పు టార్చిదేమో అనుకున్నాడు. అంత తెలిసీ అనుకున్నాడు, మనిషి కదా.

ఆ రోజు పని ఒక ఆఫీసుల భవనంలో. ఒకే బావిలో పక్కపక్కన రెండు లిఫ్టులు, మధ్య గోడ లేదు. ఒకదాన్ని ఆపి బాగుచెయ్యాలి, రెండోది జనం కోసం తిరుగుతూనే ఉంటుంది. అతని జోడీదారు అప్పటికే వచ్చి టీ తాగుతున్నాడు. మనిషి పొడుగు, అందుకని నిచ్చెన అంటారు. ఇద్దరాడపిల్లల తండ్రి. టార్చి కరిచి కరిచి ఒక ముందుపన్ను ఊడగొట్టుకున్నాడు. పసుపు టోపీ మీద లైటు బిగించుకుని వస్తున్న బాబాయిని చూసి, కాపలా మనిషికి వినబడేలా, "బాబాయికి కళ్ళు నెత్తికెక్కాయి, ఇంక మనల్నేం చూస్తాడు" అన్నాడు. కాపలా మనిషి పడీపడీ నవ్వాడు. బాబాయి కూడా నవ్వాడు. ఆ మాట అతనికి ఎంతో బాగుంది. నెత్తికెక్కితే ఎక్కాయి, ఎక్కడో ఒకచోట ఉంటే అదే పదివేలు.

పొద్దున్నంతా మిద్దె మీది మోటారు గదిలో గడిచింది. లైటు బరువు తెలియలేదు. వంగినా, బోర్లా పడుకున్నా పట్టీ జారలేదు. చెమటకు కొంచెం దురద పెట్టింది, అంతే. లిఫ్టును మోసే ఇనుపతాళ్ళలో పోగు తెగిందేమో చూడాలంటే అతను ఎప్పుడూ గుడ్డపీలికతో తుడుచుకుంటూ వెళతాడు. తెగిన పోగు గుడ్డను పట్టుకుంటుంది. ఇవాళ గుడ్డ పట్టుకోకముందే, లేచి నిలబడ్డ ఆ పోగు వెంట్రుకలా మెరుస్తూ ఎదురుగా కనబడింది. చూశాడు. తడిమి కాదు, చూశాడు. పట్టరాని సంతోషం వచ్చి, నిచ్చెనను పిలిచి మరీ చూపించాడు.

ఇంకో వింత కూడా జరిగింది. నోరు ఖాళీగా ఉండేసరికి అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. పనిలో చేరిన కొత్తలో లిఫ్టులో ఇరుక్కున్న పెళ్ళిచూపులవాళ్ళ సంగతి, తలుపు తెరిచేసరికి సంబంధం ఖాయమైపోయిన సంగతి, ఒక మేనేజరు కట్టుడుపళ్ళు బావి అడుగున దొరికిన సంగతి. నిచ్చెన పొట్ట పట్టుకుని నవ్వుతూ, ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడ దాచావని అడిగాడు. టార్చి వెనకాల అన్నాడు అతను.

భోజనాలయ్యాక బొత్తం రెండోసారి నొక్కి చూశాడు. ఏమీ మారలేదు. అదే కంచమంత వెలుగు, దాని చుట్టూ అదే నలుపు. మళ్ళీ నొక్కాడు, గట్టిగా నొక్కిపట్టాడు. కొత్త వస్తువు, అప్పుడే బొత్తం చెడిపోయిందనుకున్నాడు. వెడల్పు వెలుగు పని చెయ్యడం లేదని స్టోరమ్మకు చెప్పాలి. అలా అనుకుంటే ఎందుకో మనసు కుదుటపడింది.

తర్వాతి పని బావిలో. ఆపిన లిఫ్టు కప్పు మీద ఇద్దరూ నిలబడ్డారు. నిచ్చెన పక్కకు వంగి, రెండు లిఫ్టుల మధ్యనున్న ఇనుపదూలానికి వైరు బిగిస్తున్నాడు. ఆ పక్కనే రెండో లిఫ్టుకు ఎదురు తూకంగా వేలాడే బరువుదిమ్మ కిందికీ పైకీ తిరుగుతుంటుంది. అది వచ్చేటప్పుడు "తల" అని కేకెయ్యడం బాబాయి పని. ఏడాదిగా అతను ఆ పని కళ్ళతో చెయ్యడం లేదు. దూలం మీద అరచెయ్యి ఆనించి, దాని వణుకును బట్టి, గాలి చప్పుడును బట్టి కేకేసేవాడు. ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ నెత్తిన అంత వెలుగు ఉంది కదా అని చెయ్యి ఆనించలేదు. పైగా కట్టుడుపళ్ళ కథలో మిగిలిన ముక్క చెబుతున్నాడు.

గాలి మొహానికి కొట్టింది. నిచ్చెన తనంతట తనే తల వెనక్కి లాక్కున్నాడు. దిమ్మ అతని టోపీని ఎగరగొట్టుకుని కిందికి పోయింది. టోపీ గోడలకు తగులుతూ పడి, చాలాసేపటికి అడుగున చప్పుడైంది.

ఇద్దరూ లిఫ్టు కప్పు మీద చతికిలబడ్డారు. నిచ్చెన తల తడుముకుని, చేతిని చూసుకున్నాడు. నెత్తురు లేదు.

"నీ పక్కనించే వచ్చింది బాబాయి. కనబడలేదా?"

"వెడల్పు వెలుగు రావట్లేదురా దీనికి. బొత్తం చెడింది."

నిచ్చెన లైటు ఇమ్మని అడిగి, తన తలకు పెట్టుకుని బొత్తం నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పైకి, పక్కలకు, మూలలకు నెమ్మదిగా తల తిప్పి చూశాడు. ఆఖరున బాబాయి మొహంలోకి చూడబోయి, కళ్ళలో వెలుగు పడుతుందని లైటు ఆర్పేశాడు.

"చెడలేదు బాబాయి" అన్నాడు చీకట్లోంచి. "ఆ మూల సాలెగూడు దాకా కనబడుతోంది."

రెండో లిఫ్టు జనాన్ని ఎక్కించుకుని పైకి పోయింది. అందులో ఎవరో నవ్వుతున్నారు.

"నేనెవరికీ చెప్పను" అన్నాడు నిచ్చెన. "నువ్వు పైన మోటారు దగ్గర ఉండు. బావిలో పని నేను చూసుకుంటా."

బాబాయికి వాడి సంగతి తెలుసు. నిచ్చెన చెప్పనంటే చెప్పడు, అంత మంచివాడు. ఒక్కడే లిఫ్టు కప్పు మీద నిలబడతాడు, ఒక్కడే పక్కకు వంగుతాడు. తల అని కేకెయ్యడానికి ఎవరూ ఉండరు. ఆ మంచితనమే ఏదో ఒక రోజు వాణ్ణి తినేస్తుంది. ఆ ఇద్దరాడపిల్లలకు ఎవరు ఏం చెబుతారు?

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒడిలో సంచీ పెట్టుకుని, అతను పచ్చిగా ఆలోచించాడు. లైటు పనికిరాదని చెబితే సరి. తిప్పి పంపేస్తారు. మళ్ళీ అందరూ టార్చి కరుచుకుంటారు, మళ్ళీ అందరికీ సగం చీకటే, అందులో తన చీకటి ఎవరికీ కనబడదు. చెయ్యి దూలం మీద ఆనించుకుని ఇంకో రెండేళ్ళు లాగించెయ్యొచ్చు. ఆ మాటే చెప్పాలని ఖాయం చేసుకుని బస్సు దిగాడు.

స్టోరు కంపెనీ భవనం అడుగు అంతస్తులో ఉంటుంది. అక్కడికి దిగే మెట్లకు తెల్లరంగు ఎవరు పూస్తారు? టార్చి వేసుకుని, గోడ పట్టుకుని దిగాడు. లోపల ట్యూబులైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. టార్చిని బల్ల మీద పెట్టి, సంచీలోంచి లైటు తీసి స్టోరమ్మ ముందుంచాడు.

ఆవిడ కుర్చీ లాగి కూర్చోమంది. బరువెలా ఉందని అడిగింది. బరువు లేదన్నాడు. పట్టీ జారిందా? లేదు. చార్జింగు? సాయంత్రం దాకా వచ్చింది. చెమట? దురద పెడుతుంది, లోపల గుడ్డ వేసుకుంటే సరిపోతుంది. అన్నిటికీ ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, అబద్ధమంతా ఆఖరి ప్రశ్నకు దాచుకున్నాడు.

"వెలుగో? వెడల్పు వెలుగు బాగా వస్తోందా?"

అతను నోరు తెరిచాడు. ఎగిరిపోయిన టోపీ బావి గోడలకు తగులుతూ పడుతున్న చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. అది పడుతూనే ఉంది.

"వస్తుందమ్మా. మూల సాలెగూడు దాకా కనబడుతుంది."

"మీరు చూశారుగా?"

"చూసినవాడు చెప్పాడు."

స్టోరమ్మకు అర్థం కాలేదు. అందరికీ తెప్పించమనీ, ముందుది నిచ్చెనకు ఇమ్మనీ, వాడితో బావిలోకి కళ్ళున్న మనిషిని పంపమనీ చెప్పాడు. మరి మీకు అని ఆవిడ అడిగింది.

"నాకొద్దమ్మా. రేపట్నించి నేను రాను. పెద్దాయనకు నువ్వే చెప్పు, నా కళ్ళు పోయాయని."

ఎంత మామూలుగా అన్నాడంటే, ఆవిడ ముందు తల ఊపేసి, తర్వాత గానీ తల ఎత్తి చూడలేదు. అప్పటికే అతను తలుపు దాటాడు. ఏడాదిగా భార్యతో కూడా పైకి అనని మాట, స్క్రూలూ గ్రీజుడబ్బాలూ ఉన్న గదిలో అనేశాడు. తేలికపడతాననుకున్నాడేమో, ఏమీ తేలికపడలేదు.

మెట్ల మీద చీకటి. చెయ్యి గోడకు ఆనించి, కాలితో ఒక్కో అంచూ వెతుక్కుంటూ ఎక్కుతున్నాడు. పైనుంచి అడుగుల చప్పుడైంది.

"ఎవరది?" అన్నాడు.

అన్నాక గానీ తెలియలేదు, ఆ గొంతు ఎవరిదో. అక్కడే నిలబడిపోయాడు.

"నేనే బాబాయి" అని, వెనక బస్సులో వచ్చిన నిచ్చెన దిగొచ్చి, మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఎక్కి, వీధిలోకి వెళ్ళిపోయారు.

కింద స్టోరమ్మ కొత్త లైటును మళ్ళీ చార్జింగు పెట్టి, ఆర్డరు ఎన్ని లైట్లకు ఇవ్వాలో అడగడానికి ఫోను అందుకుంది. బల్ల మీద పాత టార్చి, పళ్ళగాట్లు పడ్డ తోక తలుపు వైపుకి పెట్టి, ఆ ట్యూబులైట్ల కింద ఎవరికీ తెలియకుండా వెలుగుతూనే ఉంది.