బల్ల మీద మూడో వేలు

మొదట్లో అతని చేతిలో ఉన్నది పెద్దగా ఏమీ లేదు. మూసేసిన ఫోను కవర్ల దుకాణంలో మిగిలిన మంచి ఫోను ఒకటి, ప్రోగ్రాములు రాయగల బావమరిది, రాయిని కూడా బేరానికి ఒప్పించే నోరు. గాలిని కూడా తూచి ఇస్తాడని అత్తవారింట్లో అతనికి షావుకారు అని పేరు పెట్టారు. ఆ పేరే ఊరంతా పాకింది.

బావమరిది ఫోను తెర మీద పియానో మెట్లు గీశాడు. మూడు వేళ్ళు పెడితే మూడు స్వరాలు కలిసి మోగుతాయి. పక్క వీధి సంగీతం టీచరు దగ్గర కీబోర్డులన్నీ ఇంటి కప్పు కారి తడిసి పాడయ్యాయి. పిల్లల ఫోన్లతోనే క్లాసు నడిపిద్దామని షావుకారు ఆమెను ఒప్పించాడు.

బావమరిదికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సోమవారం లోపల జవాబు చెప్పాలి. క్లాసు నిలిస్తే ఉంటాడు, లేకపోతే వెళ్ళిపోతాడు. అతను వెళ్ళాక షావుకారుకు మిగిలేది ఎద్దు లేని బండి.

శనివారం పిల్లలు ఫోన్లు బల్లల మీద పెట్టారు. టీచరు చెయ్యెత్తింది. రెండు స్వరాలు మోగాయి. మూడోది మోగి, ఆగి, మళ్ళీ మోగింది. కొన్ని ఫోన్లలో మొత్తానికే మోగలేదు.

"ఇది పాటలా లేదు షావుకారు గారూ. ఎక్కిళ్ళు వచ్చినట్టుంది," అంది టీచరు.

షావుకారు జేబులోంచి తన ఫోను తీసి, ఎడం చేత్తో పట్టుకుని వాయించాడు. మూడు స్వరాలూ గంటల్లా మోగాయి.

"చూశావా బావా," అని బావమరిది గొణిగాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

టీచరు చెవులు పాము చెవులు. "మద్దెల ఓడో కాదో రేపు సాయంత్రం తేల్చుకుని రండి నాయనా. లేకపోతే ఈ ఏడాదికి నా క్లాసుకి తాళమే."

ఇంటికొచ్చాక బావమరిది తెర మీద ఒక్కో వేలికి ఒక్కో చుక్క కనిపించేలా పెట్టి, ఫోను చేత్తో పట్టుకుని నొక్కాడు. మూడు చుక్కలూ కదలకుండా నిలబడ్డాయి. "నా రాతలో తప్పు లేదు. పిల్లలకే చేతకాదు," అన్నాడు.

షావుకారు ఆ ఫోను వైపు కాక, దాన్ని పట్టుకున్న చేతి వైపు చూశాడు. దుకాణంలో బావమరిదికి అతను మొదట నేర్పిన పాఠం, సరుకు చేతిలోంచి దించకూడదని. బల్ల మీద పెట్టిన సరుకును కొనేవాడు మరిచిపోయి పక్క కొట్టు వైపు చూస్తాడు. ఆ పాఠం ఇద్దరికీ ఒంటబట్టింది. ఇన్ని నెలల్లో వాళ్ళు ఒక్కసారి కూడా ఫోనును కింద పెట్టి వాయించలేదు.

"దించరా," అన్నాడు.

బల్ల మీద పెట్టి నొక్కితే మూడో చుక్క మిణుగురులా ఆరి వెలిగింది.

బావమరిది ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ దించి చూశాడు. తర్వాత చెప్పాడు: "చేత్తో పట్టుకుంటే తెరలోని సన్నటి కరెంటుకు మన ఒళ్ళే ఎర్తు బావా. చెక్క మీద ఆ ఎర్తు ఉండదు. ఒక వేలి లెక్కను ఇంకో వేలు చెడగొడుతుంది. ఇది అద్దం తప్పు. నేనేం రాసినా మారదు. ఉద్యోగానికి ఒప్పుకుంటానని చెప్పేస్తా."

"ఆగరా బామ్మర్దీ. కళ్ళు సరిగా కనబడని గుమస్తాతో నేను దుకాణం నడపలేదా? కొనేవాడు వెళ్ళిపోయాడని గుమస్తా చెప్పగానే సరుకు సర్దేసేవాణ్ణా? గుమ్మం వైపు ఒకసారి చూసేవాణ్ణి. అక్కడే నిలబడి ఉంటే వాడు పాత బేరమే."

"అంటే?"

"వేలు పోయిందని తెర చెప్పగానే స్వరం ఆపకు. రెప్పపాటు ఆగు. అదే చోట మళ్ళీ కనబడితే అది కొత్త వేలు కాదు, పాతదే. స్వరాన్ని సాగనివ్వు."

"నిజంగా ఎత్తేసినా స్వరం రెప్పపాటు సాగుతుంది. వేగంగా వాయిస్తే ముద్దయిపోతుంది బావా."

"వేగంగా వాయించేదెవరు? వాళ్ళింకా మెట్లు వెతుక్కునే దశలోనే ఉన్నారు. ఆ నష్టం దాచకుండా టీచరమ్మకి ముందే చెబుదాం."

బావమరిది రాశాడు. ఎక్కిళ్ళు చాలావరకు తగ్గాయి. కానీ మొదటినుంచీ కనబడని వేలికి ఆ రాత పని చెయ్యదు. ఎడం చెయ్యి ఫోను అంచుకు ఆనిస్తే ఆ వేలు కూడా కనబడింది. మందపాటి రబ్బరు కవరు తొడిగి చూస్తే మళ్ళీ మాయమైంది.

ఆ కవర్లు పిల్లల ఫోన్లన్నిటికీ ఉన్నాయి. అన్నీ షావుకారు అమ్మినవే.

ఆదివారం సాయంత్రం అతను క్లాసులో నిలబడి, "అందరూ కవర్లు తీసెయ్యండి. ఎడం చెయ్యి అంచుకు ఆనించండి," అన్నాడు.

"ఇది తొడిగితే జన్మలో తీయక్కర్లేదని అమ్మారు కదండీ?" అంది టీచరు. పిల్లలు నవ్వారు.

"అన్నానండీ. అప్పుడు ఫోను పగలకూడదని అమ్మాను. ఇప్పుడు మోగాలి."

మోగాయి. నెమ్మది పాట ఒకటి మొదటినుంచి చివరిదాకా నడిచింది. టీచరు తనే ఒక వేగమైన వరస వాయించి చూసింది. స్వరాలు ఒకదాని మీద ఒకటి అతుక్కున్నాయి. మొహం చిట్లించింది.

"అది కుదరదండీ. ముందే చెబుతున్నా," అన్నాడు షావుకారు.

ఆమె కాసేపు మెట్ల వైపు చూసింది. "ఈ ఏడాదికి నెమ్మది పాటలే నేర్పుతాను. గుడ్డి కన్నా మెల్ల నయం," అంది.

బయటికొచ్చాక బావమరిది ఫోను తీసి, ఉద్యోగానికి రానని రాసి పంపాడు. షావుకారు నడుస్తూ లెక్క చూసుకున్నాడు. వేగమైన పాటలు పోయాయి. కవర్ల మాట పోయింది, ఆ వీధిలో ఇక ఒక్క కవరూ అమ్ముడుపోదు. సరుకు దించకూడదన్న పాఠమూ పోయింది. క్లాసు నిలిచింది. బండికి ఎద్దు మిగిలింది.