పద్నాలుగు లీటర్ల తేడా

ఆ వీధిలో అతన్ని అందరూ వైర్ల బాబాయి అనేవారు. కార్లలో కరెంటు పని అతనిది. హారన్ మూగబోయినా, దీపాలు వెలగకపోయినా, పొద్దున్నే బండి మూలిగి మొండికేసినా అతనే దిక్కు. భార్య బంకులో పెట్రోలు పోసే పని చేస్తుంది కనక ఆమె బంకు పిన్ని అయింది. ఇంట్లో ఇద్దరే మనుషులు. ఇద్దరికీ కలిపి ఒక పాత కారు. టాంకులో పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు అందులో ఆరేళ్ళ కిందటే చచ్చిపోయింది. అందరి కార్లూ బాగుచేసేవాడివి, నీ ముల్లు సంగతి చూసుకోవేమని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఆ సామాను ఇప్పుడు దొరకట్లేదు. అయినా టాంకు నింపే మనిషిని ఇంట్లో పెట్టుకుని నాకు ముల్లెందుకు?" అనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా పిన్నికి లోపల గర్వంగా ఉండేది. పైకి మాత్రం, "చాల్లెండి కబుర్లు" అని కసిరేది. కసరకపోతే ఆగే రకం కాదు బాబాయి. పళ్ళు తోముకుంటూ మాట్లాడతాడు, బూట్లు వేసుకుంటూ మాట్లాడతాడు, నిద్రలోకి జారుతూ ఒక సంగతి మొదలుపెట్టి, మిగతాది లేవగానే అందుకుంటాడు.

అలాంటి మనిషి మాట్లాడటం మానేశాడు. ఇరవై రెండేళ్ళు పనిచేసిన షెడ్డులో ఓనరు ఒక కంప్యూటరు తెచ్చిపెట్టాడు. కొత్త కార్లకి దాన్ని తగిలిస్తే జబ్బేమిటో అదే చెప్పేస్తుంది. ఇక తీగ తీగా తడుముతూ తప్పు పట్టుకునే మనిషి అక్కర్లేకపోయాడు. ఆ సాయంత్రం బాబాయి ఇంటికొచ్చి, పనిముట్ల సంచి తలుపు వెనక పెట్టి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మూడు నెలలు కూర్చున్నాడు. ఏం అడిగినా ఊ, ఆ, చాలు. ఆ మూడు ముక్కలతోనే రోజంతా నెట్టుకొచ్చేవాడు. పిన్నికి ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆ మనిషి మళ్ళీ మునుపటిలా వాగాలి. దానికోసం ఏమైనా చేసేది. చేసింది కూడా.

పక్క వాటాలో ఉండే టాక్సీ డ్రైవరు ఒకరోజు ఒక చిన్న వస్తువు పట్టుకొచ్చాడు. కారులో సిగరెట్ లైటరు కన్నంలో దూరిస్తే నీలం దీపం వెలుగుతుంది. ఇంజిను బలం పెరుగుతుందనీ, పెట్రోలు పావు వంతు మిగులుతుందనీ అట్టపెట్టె మీద రాసి ఉంది. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, స్క్రూడ్రైవరుతో మూత లేపి, లోపలికి చూసి, మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"ఇందులో దీపం ఉందయ్యా. దీపం మాడిపోకుండా ఒక చిన్న ముక్క ఉంది. అంతే సరుకు. ఇది పెట్రోలు మిగల్చడం అటుంచు, ఆ దీపానికయ్యే కరెంటు కూడా నీ పెట్రోల్లోంచే లాగుతుంది."

డ్రైవరు మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. బాబాయి మాత్రం ఆ డొల్ల డబ్బాను చేతిలోంచి వదల్లేదు. "ఇది మోసం, సరే. నిజంగా చెయ్యాలంటే ఎలా చెయ్యాలంటావు?" అని భార్యను అడిగాడు. ఆమెకేం తెలుసు? తెలియకపోయినా, "ఎలా చెయ్యాలండీ?" అని ఎదురుగా చతికిలబడింది.

పదిహేను రోజుల్లో ఆమె పాత స్టీలు టిఫిన్ డబ్బాలోకి కెపాసిటర్లు వచ్చి చేరాయి. కరెంటును కాసేపు పట్టి ఉంచి వదిలేవి అవి. డబ్బాలోంచి బయల్దేరిన లావుపాటి రాగి తీగలు బ్యాటరీకి రెండు, ఇంజినుకి నాలుగు. "కారు పరిగెడుతుంటే కరెంటు ఎగుడుదిగుడుగా వస్తుందోయ్. దాన్ని చదును చేశామనుకో, రవ్వ గట్టిగా పడుతుంది. రవ్వ గట్టిగా పడితే పెట్రోలు ఒక్క చుక్క వృథా కాకుండా మండుతుంది" అని భోజనం చల్లారిపోతున్నా చెప్పుకుపోయాడు. కారుకి కావలసినంత కరెంటు కారే తయారుచేసుకుంటుందని, అంతకుమించి ఇచ్చినా అది తీసుకోదని ఇరవై రెండేళ్ళు నలుగురికీ చెప్పినవాడే. పరాయివాడి డబ్బాలో బోలు ఇట్టే పట్టేసిన మనిషికి, సొంత డబ్బా దగ్గరకొచ్చేసరికి కళ్ళు మూసుకుపోయాయి. ఆశ పుడితే అంతే, ఎంత పనివాడైనా పనికిరాడు.

పరీక్ష పద్ధతి అందరికీ తెలిసిందే. టాంకు అంచుదాకా నింపాలి. ఒకే దారిలో, ఒకే వేగంతో నూట యాభై కిలోమీటర్లు తిరగాలి, మధ్యలో కారును ఇంకెక్కడికీ తియ్యకూడదు. వచ్చి అదే బంకులో మళ్ళీ అంచుదాకా నింపాలి. రెండోసారి ఎంత పడితే అంత ఖర్చయినట్టు. డబ్బా పెట్టకముందు రెండు ఆదివారాలు చూస్తే రెండుసార్లూ సరిగ్గా పది లీటర్లు పట్టింది. అంటే లీటరుకి పదిహేను. బాబాయి ఆ అంకెల్ని నోటుబుక్కులో రాసి కింద గీత గీశాడు.

డబ్బా బిగించాక మొదటి ఆదివారం. తిరిగొచ్చి బంకులో కారు ఆపాడు. మూడు నెలలుగా మాసిన బనీనుతో తిరిగినవాడు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పిన్ని గన్ను టాంకులో పెట్టి మీట నొక్కింది. అతను మీటరు వైపు చూడలేదు, చూస్తే దిష్టి తగులుతుందన్నట్టు తల పక్కకి తిప్పుకున్నాడు. ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిది. టాంకు ఇంకా నిండలేదని పిన్ని చేతికి తెలుసు. పదహారేళ్ళ చెయ్యి అది. నిండితే గన్ను దానంతటదే టక్కున ఆగుతుంది. చేత్తో మీట వదిలేసినా అదే టక్కు. ఆమె వదిలేసింది.

"నిండిందండీ," అంది.

"ఎంత?"

"తొమ్మిది."

బాబాయి లెక్కేశాడు. పదహారున్నర దాటింది. అక్కడే, కార్ల వరస ముందు, ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు. వెనక కారువాడు హారన్ కొడితే వాడికీ చెప్పాడు. దారంతా చెప్పాడు, ఇంట్లో చెప్పాడు, పక్క వాటా తలుపు కొట్టి మరీ చెప్పాడు. ఒక్క లీటరే కదా, మనిషి లేచి కూర్చున్నాడు, అదే పదివేలు అనుకుంది పిన్ని.

రెండో ఆదివారానికి ఇంకో రెండు తీగలు కలిపాడు. పాపం, రెండు తీగలకి ఒక అర లీటరైనా ఇవ్వకపోతే ఎలా? ఎనిమిదిన్నర దగ్గర వదిలేసింది. మూడో ఆదివారం మాత్రం భయం వేసింది. ఈ వారం నిజం పోసేద్దాం, ఇక చాలు అనుకుంటూ గన్ను పట్టుకుంది. అప్పుడు తట్టింది. కిందటి రెండు వారాలూ తక్కువ పోసినదంతా టాంకులో ఖాళీగా కూర్చుని ఉంది. ఇప్పుడు నిజంగా నింపితే పన్నెండున్నర పడుతుంది. లీటరుకి పన్నెండు. అతని డబ్బా పనిచెయ్యకపోవడమే కాదు, కారును పాడుచేసిందని తేలుతుంది. పన్నెండున్నర చూసి ఆ మనిషి ఏమైపోతాడో అనుకుంది. మళ్ళీ ఎనిమిదిన్నర దగ్గరే వదిలేసింది. ఆ తర్వాత వారం వారం ఎనిమిది. మొత్తం ఎంత తక్కువ పోసిందో ఆమె కూడలేదు. కూడితే తెలుస్తుందని కూడలేదు.

అలా ఎనిమిది ఆదివారాలు. మునుపటి బాబాయి తిరిగొచ్చాడు. అర్థంకాని సంగతులు చెవులు చిల్లులు పడేలా చెప్తుంటే, పిన్ని గిన్నెలు కడుగుతూ వింటూ ఉండేది. ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేది. సంతోషంతోనో, దొంగతనం చేస్తున్నందుకో ఆమెకే తెలిసేది కాదు.

డ్రైవరు నోట పడిన సంగతి ఎక్కడా ఆగదు. మూడు వందల ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ముప్ఫై కార్లున్న ట్రావెల్స్ ఓనరు ఫోను చేశాడు. నిజమైతే అన్ని కార్లకీ పెట్టిస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు. మీ బంకులో టాంకు నింపి, మూత మీద కాగితం అంటించి, బంకు ముద్ర వేసి, దారిలో విప్పకుండా మా దగ్గరికి రండి. ఇక్కడ మా ముందు నింపుదాం. ఎంత పడుతుందో చూద్దాం.

బుధవారం తెల్లారుతూనే కారు బంకు ముందు నిలబడింది. టాంకు ఆదివారమే నింపారు కాబట్టి చుక్కలే పట్టాలి. పిన్ని గన్ను పెట్టింది. లోపల ఎంత బోలు ఉందో, ఏ ఆరు లీటర్లో ఏడు లీటర్లో అనుకుంది. అవి పోస్తే మీటరు తిరుగుతుంది, మీటరు అతని కళ్ళముందే ఉంది. నాలుగు చుక్కలు పడగానే మీట వదిలేసింది.

"ఏవండీ, దూరప్రయాణం. ఎందుకైనా మంచిది, డబ్బాలో అయిదు లీటర్లు వెంట పెట్టుకోండి," అంది.

"నిండు టాంకుతో వెళ్తూ డబ్బా పట్టుకెళ్తే వాళ్ళు నవ్వరా? ముప్ఫై అయిదు లీటర్లోయ్. వెళ్ళి, దాదాపు ఇల్లు చేరేదాకా వెనక్కి కూడా వచ్చెయ్యొచ్చు."

ఇప్పుడైనా చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. అతను కాగితానికి జిగురు రాస్తూ, ఓనరు ఏమడుగుతాడో, తనేం చెప్పాలో వల్లె వేసుకుంటున్నాడు. ఆ మొహం చూసి చెప్పడం మానేసింది. కాగితం అంటించి, తన చేత్తోనే ముద్ర వేసి పంపించింది.

మధ్యాహ్నానికి చేరి ఫోను చేస్తానన్నాడు. చెయ్యలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. బంకులో ఆ రోజు ఎవరికేం పోసిందో ఆమెకు గుర్తులేదు. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చేసరికి కారు వాకిట్లో ఉంది. బాబాయి లోపల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, ముందు నోటుబుక్కు తెరిచి ఉంది.

"ట్రావెల్స్ వాళ్ళ దాకా వెళ్ళనేలేదు. దారిలో ఆగిపోయింది," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఇంకో పదిహేను కిలోమీటర్లుందనగా. తీగ ఏదో ఊడిందనుకున్నా. గంటసేపు ఎండలో ఒక్కొక్క తీగా వెతికాను. నా పనిమీదే అనుమానపడ్డాను కానీ, నీ మాటను అనుమానించాలని నాకు తట్టనే లేదు."

పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆఖరికి ముద్ర చింపి మూత తీశా. లోపల ఏమీ లేదు. నడిచెళ్ళి కాస్త డబ్బాలో తెచ్చుకుని, బంకుదాకా నడిపి నింపించా. అన్నీ కలిపి ముప్ఫై అయిదు పట్టింది. అక్కడే కూర్చుని లెక్క చూశా. లీటరుకి పాత పదిహేనే అనుకుంటే, నడిచిన దూరానికి ఇరవై ఒకటి కావాలి. మిగతా పద్నాలుగు ఏవి? అప్పుడు ఈ బుక్కు తీశాను. ప్రతి ఆదివారం పది పట్టాల్సిందనుకుని, రాసుకున్నది అందులోంచి తీసేశా. తక్కువైంది మొత్తం పద్నాలుగు. చుక్క తేడా లేదు."

"మిమ్మల్ని మోసం చేద్దామని కాదండీ," అంది పిన్ని. ఏడుపు ఆగలేదు. "మీరు మాట్లాడటం మానేశారు. మూడు నెలలు. నేను భరించలేకపోయాను."

"తెలుసు. మోసమే అయితే తిట్టేసి ఊరుకునేవాణ్ణి." కాసేపు బుక్కు మూయడం, తెరవడం చేశాడు. "డబ్బా పనిచెయ్యకపోతే చెయ్యలేదనుకునేవాణ్ణి. నాలుగు రోజులు దిగులుపడి ఇంకోటేదో మొదలెట్టేవాణ్ణి. ఎనిమిది వారాలు ఆ ముసలి కారు ముందు పిచ్చోడిలా గంతులేశాను. అది నువ్వు పక్కనే నిలబడి చూశావు."

అతను లేచి, కారు దగ్గరికెళ్ళి, డబ్బా విప్పి తెచ్చి, తీగలన్నీ చుట్టలు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. విసిరికొట్టినా బాగుండేది.

మళ్ళీ కుర్చీలో కూలబడతాడని పిన్ని హడలిపోయింది. కూలబడలేదు. వారం తిరక్కుండా ట్రాక్టర్లు బాగుచేసే చోట పని చూసుకున్నాడు, వాటికి కంప్యూటర్లు లేవు. అక్కడ జనాన్ని తెగ నవ్విస్తున్నాడని డ్రైవరే వచ్చి చెప్పాడు. డ్రైవరుతో గోడ దగ్గర నిలబడి గంటలు గంటలు మాట్లాడతాడు. పిన్ని వంటింట్లోంచి ఆ గొంతు వింటుంది. లోపలికొచ్చాక మాత్రం ఊ, ఆ, చాలు. కోపంగా కాదు, మర్యాదగా.

రెండు నెలలు ఓర్చుకుంది. ఒకరోజు పొద్దున్నే అతను పనికి బయల్దేరుతుంటే ఎదురొచ్చి నిలబడింది.

"తిట్టండి. ఏమన్నా అనండి. ఊళ్ళో అందరితో మాట్లాడతారు, నాతో మాట్లాడరేం? నామీద ఇంకా కోపమేనా?"

"కోపం లేదు," అన్నాడు బాబాయి. నిజంగానే లేదు, ఆమెకు కనిపిస్తూనే ఉంది. "వాళ్ళకి ఏదన్నా చెప్తే, బాగుంటే బాగుందంటారు, లేకపోతే ఛీ అంటారు. నీకు చెప్తే నువ్వు నా మొహం చూసి చెప్తావు. నేను ముసలాణ్ణయిపోయానా అంటే లేదంటావు. ఈ పని నాకు చేతనవుతుందా అంటే ఎందుకవదంటావు. ఇక నిన్ను ఏం అడగను? ఏం చెప్పను?"

"అన్నీ అలాగే చెప్తానా?"

"నేనంటే నీకు ఇష్టమేనా?"

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అతను ఆ మాట ఎన్నడూ అడగలేదు.

"ఇష్టమే," అంది పిన్ని.

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాలనే చూశాడు. చివరికి నెమ్మదిగా తలూపి, సంచి భుజానికి తగిలించుకుని, పనికి వెళ్ళిపోయాడు.