పిలిచిందట

టైలరమ్మ కొట్లో ఆ మధ్యాహ్నం రద్దీగా ఉంది. వీధిలోకి కొత్తగా వచ్చిన నర్సు గౌను కొలతలివ్వడానికి వచ్చి, తన వంతు కోసం బల్ల మీద కూర్చుంది. చేతిలోని ఫోన్లో మంచి గొంతున్న ఒకాయన నిజంగా జరిగిన హత్య కథ చెబుతున్నాడు. కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ హత్యలు వినడం ఈ రోజుల్లో మనకందరికీ అలవాటైపోయింది.

"ఈయన చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుందాంటీ! అంతా కళ్లకు కట్టినట్టే ఉంటుంది," అంది నర్సు.

"నా మిషన్ గోలలో ఏం వినపడుతుందమ్మా, కాస్త పెద్దగా పెట్టుకో," అని నవ్వింది టైలరమ్మ.

నర్సు సౌండు పెంచింది. కథలో మేడ మీద గది. కిటికీకి ఆకుపచ్చ కర్టెను. గుమ్మం దగ్గర పట్టీ తెగిన చెప్పు. టైలరమ్మ కాలు పెడల్ మీద ఆగిపోయింది. పేర్లు మార్చారు గానీ, ఆ గది ఆమె నెత్తి మీదనే ఉంది. కొన్నేళ్ల కిందట, వెంటపడి వేధించిన ఒక దుర్మార్గుడు ఆమె కూతుర్ని ఆ గదిలోనే చంపి జైలుకు వెళ్లాడు. అప్పుడామె కింద ఇదే మిషన్ మీద కుడుతోంది.

"ఒక్క దెబ్బకే స్పృహ పోయిందమ్మా. బాధ తెలియలేదు, పిలిచే వ్యవధి కూడా లేదు," అని ఆనాడు డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్లూ ఆ మాట పట్టుకునే ఆమె నాలుగు మెతుకులు తిని బతుకుతోంది.

ఫోన్లో గొంతు వణికింది. "అమ్మా... అమ్మా... అని ఆ పిల్ల పిలుస్తూనే ఉంది. కింద మిషన్ మాత్రం ఆగలేదు."

"అయ్యో పాపం! ఆ తల్లికి చెవుడా ఏమిటి?" అంది నర్సు. పాపం, ఆమెకేం తెలుసు!

మర్నాడు టైలరమ్మ తన అన్నయ్యను వెంటబెట్టుకుని కథలాయన ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లింది. గోడలకు స్పాంజి అంటించిన చిన్న గది, మధ్యలో మైకు. ఆమె ఎవరో తెలియగానే ఆయన గాభరాగా లేచి కుర్చీ వేశాడు.

"తిట్టడానికి రాలేదు బాబూ. కర్టెను రంగు మీకెలా తెలిసింది?"

"కోర్టు కాగితాల్లో ఉందండీ."

"తెగిన చెప్పు?"

"పోలీసుల ఫోటోలో ఉంది."

"మరి మా అమ్మాయి పిలవడం ఎవరు విన్నారు?"

ఆయన తల దించుకున్నాడు. "ఎవరూ వినలేదు అమ్మగారూ. అది నేను కల్పించిందే. అక్కడ కథ చప్పగా ఉందనిపించి, వినేవాళ్లకు కన్నీళ్లు రావాలని పెట్టాను."

అన్నయ్య హమ్మయ్య అనుకున్నాడు. "విన్నావుగా? అంతా ఉత్తదే. ఇక లే, వెళ్దాం," అన్నాడు.

టైలరమ్మ లేవలేదు. "మీది మంచి మనసు బాబూ. నేను కుమిలిపోతానని అలా అంటున్నారు. కర్టెను నిజం, చెప్పు నిజం, అదొక్కటే అబద్ధమా? ఆ డాక్టరుగారు కూడా నా మీద జాలితోనే అలా చెప్పి ఉంటారు."

ఆయన పిల్లల మీద ఒట్టేశాడు. ఆమె కళ్లెదుటే ఆ కథ నెట్లోంచి తీసేశాడు. కానీ అప్పటికే మరెందరో దాన్ని ఎత్తుకుని, ఏడుపు సంగీతం కలిపి ఊరంతా వినిపిస్తున్నారు.

టైలరమ్మ ఇప్పుడు మిషన్ ముట్టదు. బేరాలన్నీ పక్క వీధికి పోయాయి. రోడ్డు మీద ఏ పిల్ల తల్లిని పిలిచినా మేడమెట్లెక్కి పరుగెడుతుంది. అన్నయ్య ఎంత నచ్చజెప్పినా, "పిలిచిందట అన్నయ్యా, నేనే వినలేదు," అంటుంది. ఆ మాట ఆమె మనసులోంచి తీయడం ఇక ఎవరి వల్లా కాదు.

ఆ కథ చెప్పినాయన దుర్మార్గుడు కాడు. చెవులప్పగించి విన్న మనమూ కాము. జరిగిన ఘోరం లోకానికి తెలియాల్సిందే, కాదనను. కానీ చనిపోయినవారు అనని మాటను వారి నోట పెట్టకండి; ఆ మాటను చచ్చేదాకా వినేవాళ్లు ఆ ఇంట్లో ఇంకా బతికే ఉంటారు.