మూడు నాడెల పాఠం

ఒకేసారి మూడు పరాయి భాషలు నేర్చుకోవాలనుకునేవాళ్ళకు కాస్త తిక్క ఉండాలి. గుడియాత్తం నేతవీధిలో కోకిలకు ఆ తిక్క ఉండేది. ఆమె తండ్రి గోవిందసామికి అంతకంటే ఎక్కువ ఉండేది. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అలాంటిది జర్మన్, ఇటాలియన్, ఫ్రెంచి మాటల్ని అరవ లిపిలో రాసుకుని మగ్గం పక్కన కూర్చుని బిగ్గరగా వల్లె వేస్తుంటే, వీధిలో నవ్వనివాళ్ళు లేరు. నవ్వేవాళ్ళకేం పోయింది, పళ్ళు బయటపెడితే చాలు.

కారణం లేకపోలేదు. దేశం తలుపులు తెరిచారని పేపర్లన్నీ హోరెత్తుతున్న రోజులవి. వేలూరు చుట్టుపక్కల తోలు కంపెనీల ముందు కార్లు ఆగడం, వాటిలోంచి తెల్లదొరలు దిగడం మామూలైంది. వాళ్ళతో వాళ్ళ భాషలోనే మాట్లాడగల అమ్మాయి కావాలని ఒక బూట్ల కంపెనీ అడిగింది. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో పరీక్ష, మూడు భాషలూ రావాలి. సత్తువాచారిలో ఆదిమూలం మాస్టారని ఒకాయన ఉన్నాడు. ఓడల్లో గుమాస్తాగా సగం ప్రపంచం తిరిగి, కాళ్ళనొప్పులతో ఇల్లు చేరినవాడు. ఆయన నేర్పుతానన్నాడు. కోకిల వారంలో సగం రోజులు బస్సెక్కి కాట్పాడి మీదుగా ఆయన దగ్గరికి పోయి వచ్చేది.

మొదట్లో ఉత్సాహం ఉరకలు వేసింది. రానురాను చల్లారింది. జర్మన్ అడిగితే నోట్లోకి ఇటాలియన్ వచ్చేది, ఇటాలియన్ కోసం వెతికితే ఫ్రెంచి అడ్డుపడేది. ఒకనాడు పుస్తకాలన్నీ గూట్లోకి తోసి, "నావల్ల కాదు నాయనా, నేను నూలు కండెలు చుట్టుకొని బతుకుతా" అని తేల్చేసింది.

గోవిందసామి మగ్గం ఆపాడు. ఆయన గళ్ళ లుంగీలు నేస్తాడు. ఎరుపు, నీలం, పచ్చ నూలుతో, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే మూడు నాడెలు ఆయన పక్కన ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

"అన్నీ ఒకే సారి మింగితే గొంతు పట్టుకుంటాది మా. గళ్ళు యెట్ల నేస్తాండా చూడు. ఎర్ర నాడె యేసినప్పుడు ఎరుపే, నీలం యేసినప్పుడు నీలమే. ఎర్రది జర్మన్ అనుకో, నీలం ఇటాలియన్, పచ్చ ఫ్రెంచి. నేను యే నాడె తీస్తే ఆ బాసలో మాట్లాడు. నువ్వు జవాబు చెప్పేదాకా నేను నాడె యెయ్యను."

"నువ్వు నెయ్యకుంటే కూడు యెట్ల వస్తాది?"

"అందుకే సీక్రం చెప్పు!"

అలా మొదలైంది. పాఠంలోని ప్రశ్నల్ని ఆయన చెవితోనే పట్టేశాడు. ఎర్ర నాడె చేతికి తీసుకుని "వీ హైసెన్ జీ?" అనేవాడు. నీలం తీసి "కోమె సి కియామా?" అనేవాడు. పచ్చది తీసి "కొమా వు జపలే వూ?" అనేవాడు. మూడింటికీ అర్థం నీ పేరేమిటనే. పేరు పెట్టినవాడే పేరు అడుగుతుంటే కోకిలకు నవ్వు ఆగేది కాదు, ఆ నవ్వులోనే జవాబు వచ్చేది. ఇంత పట్టుదల నీకెందుకని ఒకసారి అడిగితే, "మన లుంగీ యే దేశానికో పోతాది. ఆడ ఉండేవాళ్ళు దాన్ని చూసి యేమనుకుంటారో ఒక మాట యినాలని నాకుండాది" అన్నాడు. ఆ మాట కోకిల మనసులో పాతుకుపోయింది. ఆ తరువాత చదువు మానేస్తాననలేదు.

దీపావళి వానలు పట్టుకున్న వారం, గోవిందసామి మగ్గంలో కూర్చునే పోయాడు. కాళ్ళు మగ్గం కింది గుంతలో వేలాడుతున్నాయి, తల సగం నేసిన బట్ట మీద వాలి ఉంది. భార్య కాంచన మంచినీళ్ళు తెచ్చి పిలిచేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. మగ్గంలో కూర్చుని పోయినవాడి బట్టను ఇంటివాళ్ళే నేసి ముగించి, కోసి కిందికి దించి, ఏటిలో వదలాలి. ఎదురింటి ముసలి కాళియమ్మ వచ్చి, చావింట్లో అందరూ వినేటట్టు చెప్పింది.

"పెద్దకర్మ లోపల దించెయ్యాల. బట్ట మగ్గం మీదుండేదాకా వాని కాళ్ళు గుంతలోనించి బయటికి రావు. తెలిసిందా కాంచనా?"

కాంచనకు నెయ్యడం రాదు, రాట్నం మీద కండెలు చుట్టడమే వచ్చు. కాబట్టి ఆ పని కోకిల మీద పడింది. మిగిలింది పెద్ద పనేమీ కాదు, ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. తండ్రి కూర్చున్న చోట కూర్చుని, తండ్రి కాళ్ళు దించిన గుంతలో కాళ్ళు దించింది. మిట్టమధ్యాహ్నం. భోజనాల వేళ కావడంతో వీధిలోని మగ్గాలన్నీ ఆగిపోయాయి. కోకిల ఎర్ర నాడె చేతిలోకి తీసుకుంది.

"వీ హైసెన్ జీ?"

గొంతు కింది నుంచి వచ్చింది. తండ్రిదే, అనుమానం లేదు. 'జీ' దగ్గర ఆయన ఎప్పుడూ కాస్త సాగదీసేవాడు. కోకిల లేచి పారిపోవాలనుకుంది. నోరు మాత్రం అలవాటుగా జవాబు చెప్పేసింది. చెప్పగానే, ఆమె తొక్కకముందే కింద కాలిపలక మెల్లగా దిగింది. పడుగు దారాలు రెండుగా విడిపోయి, నాడెకు దారి ఇచ్చాయి.

భయం ఎంతసేపని ఉంటుంది? నాయన గొంతది. వారంపాటు అన్నం సయించని పిల్ల ఆ రోజు కడుపునిండా తిన్నది. మర్నాడు ఒక వేలెడు మాత్రమే నేసి ఆపేసింది. ఆ మర్నాడు అందులో సగం. బట్ట ముగిస్తే గొంతు ఆగిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

పెద్దకర్మ వచ్చింది, వెళ్ళింది. బట్ట మగ్గం మీదే ఉంది. కాళియమ్మ అడిగితే, అద్దకం నుంచి పచ్చనూలు రాలేదని కోకిల అబద్ధం చెప్పింది. ముసలమ్మ గుంత వైపు ఒకసారి చూసి, గడప దాటకుండానే వెనక్కి మళ్ళింది.

చదువు మాత్రం ఏరు పొంగినట్టు పొంగింది. మునుపు వారం పట్టే పాఠం ఇప్పుడు ఒక్క మధ్యాహ్నంలో వంటబట్టేది. మూడు భాషలూ దేని గదిలో అది ఉండేవి, ఒకదాని మీద ఒకటి పడేవి కావు. గొంతు ప్రశ్న అడుగుతుంది, ఆమె జవాబు చెబుతుంది, పలక తనంతట తానే దిగుతుంది. వానకు గుంతలో చెమ్మ ఊరింది. కాళ్ళకు ఏదో చల్లగా తగిలి అక్కడే ఆగిపోయేది. కోకిల కాళ్ళు పక్కకు జరుపుకుని కూర్చునేది. పక్కన రాట్నం దగ్గర కాంచన తలెత్తకుండా కండెలు చుట్టుకునేది. చెవుల్లో దూది పెట్టుకుని ఉండేది. వానగాలి పడలేదేమోనని కోకిల అనుకుంది.

తైకి ముందు నెల మార్గళి మొదట్లో గొంతు కొత్త వాక్యాలు ఎత్తుకుంది. పాఠంలో లేనివి. ఎర్ర నాడెకొకటి, నీలానికొకటి, పచ్చకొకటి, ఆ మూడే మళ్ళీ మళ్ళీ. అర్థం తెలియకపోయినా కోకిలకు సంతోషమే కలిగింది. నాయన ముందుకు పోతున్నాడు, నేనూ పోవాలి అనుకుంది. ఉచ్చారణ కుదిరేదాకా ఆ మూడింటినీ గుంతలోకి వంగి గట్టిగా వల్లె వేసింది. గొంతు ఒక మాట అంటే ఆమె అదే మాట తిరిగి అనేది. అలా ఒక వారం గడిచింది.

వారం చివర సత్తువాచారికి పోయి, ఆదిమూలం మాస్టారి ముందు గర్వంగా నిలబడింది.

"మాస్టారూ, కొత్త వాక్యాలు నేర్చుకొంటిని. అర్థం మీరు చెప్పాల."

మొదట జర్మన్ వాక్యం చెప్పింది. ఆయన కాఫీ లోటా కింద పెట్టాడు.

"'నన్ను పైకి లేవనియ్యి' అంటుండావు. ఇది యాడ నేర్చినావమ్మా?"

కోకిల ఇటాలియన్ వాక్యం అందుకుంది. ఆయన ఈసారి ఆమె ముఖం చూడకుండా అర్థం చెప్పాడు. "'కాళ్ళు చల్లబడిపోయినాయి.'"

చివరికి కోకిల ఫ్రెంచి వాక్యం చెప్పింది.

"'ఇంకా యెంతకాలం?' అని. ఇవి పాఠాలు కాదమ్మా. ఎవరో ఒక మనిషి బతిమాలుకొంటుండాడు. దొరలు ఇట్ల పలకరు, ఇది మన పక్క యాస. నీకు యెవరు చెప్పినారు ఇవి?"

కోకిల చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బస్టాండుకు నడిచింది. బస్సు కాట్పాడి దాటేదాకా చేతిలో టికెట్టు నలుపుతూనే ఉంది. వారంపాటు తాను చేసిందేమిటో ఇప్పుడు తెలిసింది. లేవనియ్యమని తండ్రి వేడుకుంటుంటే, ఆ వేడుకోలునే పలుకు సరిచేసుకుంటూ ఆయన ముఖాన తిరిగి వల్లించింది.

ఇల్లు చేరేసరికి వాన కురుస్తోంది. కాంచన రాట్నం దగ్గరే ఉంది. కోకిల తల్లి ముందు కూలబడి, ఆమె చెవుల్లోని దూది తీసేసింది.

"అమ్మా, నీకూ యినిపిస్తాదా?"

కాంచన రాట్నం ఆపలేదు. "యినిపిస్తాది."

"ఏమని?"

"నీకేమని యినిపిస్తాదో నాకు తెలీదు. నాకు తెలుగులోనే అంటాడు. మొదటి దినం నించి అదే మాట. కాళ్ళు జివ్వుమంటుండాయి, పైకి లాగండే, అని."

"మొదటి దినం నించా? మరి నాకెందుకు చెప్పలా?"

కాంచన అప్పుడు రాట్నం ఆపింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏడవడం అయిపోయి చాలా రోజులైన కళ్ళవి.

"ఆయప్ప పోయినాక నువ్వు పుస్తకం ముట్టలా. అన్నం ముట్టలా. ఆడ కూసున్నాకనే మళ్ళీ నగినావు, మళ్ళీ చదివినావు. నేనేమి చేసేది? నువ్వు బస్సుకి పోయినప్పుడంతా ఆ గుంతకాడ కూసోని నేనే చెప్పుకొంటి. కొంజెం ఓర్చుకోయ్యా, బిడ్డ పరీచ్చ అయ్యేదాకా ఓర్చుకో, అని. ఆయప్ప అరస్తానే ఉండె. నేను దూది పెట్టుకొంటి."

కోకిలకు తల్లి మీద కోపం రాలేదు. వచ్చే హక్కు తనకు లేదని తెలుసు. ఎందుకంటే, ఆ క్షణంలో కూడా ఆమె మనసులో లెక్క వేరేగా నడుస్తోంది. పరీక్షకు ఇంకా నెల కూడా లేదు. ఇన్నాళ్ళు ఉన్నవాడు, ఆ కాస్త కాలం ఉండలేడా? ఈ గొంతు లేకపోతే మూడు భాషలూ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. కంపెనీ లేదు, ఉద్యోగం లేదు, జీవితమంతా కండెలే.

సిగ్గుపడుతూనే మగ్గం దగ్గరికి వెళ్ళింది. గుంత అంచున కూర్చుని, లోపలికి చూడకుండా తెలుగులో అడిగేసింది.

"నాయనా, పరీచ్చ అయ్యేదాకా ఉండు. అంతే. ఆ తర్వాత నేనే కోస్తా."

వాన చూరు మీంచి జారుతోంది. కింది నుంచి, నీళ్ళలోంచి వచ్చినట్టుగా, ఎంతో అలసిన గొంతు వచ్చింది.

"సరేమ్మా."

అంతే అన్నాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. బతికినన్నాళ్ళూ ఆమె ఏది అడిగినా ఎలా అన్నాడో అలాగే అన్నాడు. ఆ చలిలో, ఆ చెమ్మలో, నెలరోజులు నిలబడడానికి ఒప్పుకున్నాడు.

ఆ 'సరే' విన్నాక కోకిలకు ఆయన్ని ఆపడానికి మనసు రాలేదు. గుంతలోకి కాళ్ళు దించింది. చల్లనిది ఆమె పాదాలకు తగిలింది. ఈసారి కాళ్ళు పక్కకు జరుపుకోలేదు. "అమ్మా, కండెలియ్యి" అన్నది. కాంచన లేచి వచ్చి పక్కన కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కోకిల నేసినంత వేగంగా ఆ వీధిలో ఎవరూ నేసి ఉండరు. ఎర్ర నాడె వేసింది, నీలం వేసింది, పచ్చది వేసింది. కింద నుంచి ఏ ప్రశ్నా రాలేదు. పలకలు తమంతట తాము దిగలేదు. ప్రతిసారీ ఆమే బలంగా తొక్కాల్సి వచ్చింది, తొడలు పీకాయి. చివరి నాలుగు పోగుల దగ్గర చెయ్యి ఆగింది. ఆ నాలుగూ ఆపితే ఆయన ఇక్కడే ఉంటాడు, సరే అన్నాడుగా. కాంచన కూతురి చేతిలోని నాడె వైపే చూస్తోంది. కోకిల కళ్ళు మూసుకుని ఆ పోగులూ వేసేసింది.

కత్తెర తల్లి అందించింది. కోయడం మాత్రం కోకిలే చేసింది. దారాలు తెగుతుంటే పడుగంతా ఒక్కసారి వదులై కిందికి వాలింది. పాదాల దగ్గర చలి పోయింది. గుంతలో మిగిలింది ఊరిన చెమ్మ, మట్టి వాసన.

చీకటి పడకముందే ఇద్దరూ గొడుగు కింద ఏటికి నడిచారు. వాన నీటితో ఏరు ఎర్రగా పారుతోంది. కోకిల బట్టను నీటి మీద పరిచి వదిలింది. గళ్ళు విప్పుకుని, ఒక మడతగా మళ్ళీ ముడుచుకుని, వంతెన కిందికి పోయి కనబడకుండా పోయింది. అప్పుడు వచ్చింది ఏడుపు. తండ్రి పోయిన రోజు కూడా రాని ఏడుపు, గట్టు మీద కూర్చుని ఊరంతా వినేటట్టు ఏడ్చింది. కాంచన ఆపలేదు. కాసేపయ్యాక గొడుగు కూతురి మీదికి జరిపి, తాను తడుస్తూ అడిగింది.

"రేపటి నించి యెట్ల చదువుతావు మా?"

"తెలీదు" అన్నది కోకిల.