అట్ట మీద ‘కింద’ అని రాసిన వైపు

మా అద్దాల కొట్టులో ఏ కిటికీకి కొలత తెచ్చినా అమ్మ ముందు అట్ట కత్తిరిస్తుంది. కిటికీలో అడుగుకి వచ్చే వైపు సుద్దతో ‘కింద’ అని రాస్తుంది. బల్ల మీద పెట్టినప్పుడు ఆ వైపు ఆమె వైపే ఉండాలి. అట్ట తిప్పే హక్కు ఎవరికీ లేదు. ఒకప్పుడు గీతల అద్దానికి అట్ట తిప్పి కోస్తే, బిగించాక నిలువు గీతలన్నీ ఏటవాలుగా కనిపించాయట. ఆ తలవంపు నేను పుట్టకముందుది. అమ్మకి మాత్రం నిన్న జరిగినట్టే ఉంటుంది.

ఆ రోజు మాకు కావాల్సింది చినుకుల అద్దం. వాన పడ్డట్టు ఒళ్లంతా గుండ్రటి బొట్లు. టీచరమ్మగారి ఇంట్లో మెట్ల మలుపు దగ్గర అలాంటి ముక్కోణపు కిటికీలు మూడున్నాయి. అమ్మ ఒంటిచేత్తో చేసిన మొదటి పని అది. వాటిలో ఒకటి పగిలింది. ఆ రకం ఇప్పుడు తయారు కావడం లేదు. జత దొరక్కపోతే మిగతా రెండూ పీకించేసి మామూలు అద్దాలు వేయించుకుంటానన్నారు టీచరమ్మగారు.

“సాయంత్రం దాకా ఆగండి. జత నేను తెస్తాను” అని అమ్మ మాటిచ్చి వచ్చింది.

కొట్టంతా గాలిస్తే ఒక్క ముక్క దొరికింది. పొడవు ముప్పై ఒక్క అంగుళాలు, వెడల్పు ఇరవై మూడు. అమ్మ అట్టని దాని మీద పెట్టింది. ముక్కోణం కొన అద్దం దాటి బయటికి వచ్చింది.

“ఒక్క అంగుళం” అంది అమ్మ. కుర్చీ లాక్కుని కూర్చుంది. పని మధ్యలో ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మా మామయ్య అద్దాలు మోస్తాడు, జోకులు వేస్తాడు. రెండూ మానడు. “మన డిగ్రీని అడుగక్కా. మూడేళ్లు లెక్కలు చదివింది, ఓ అంగుళం పుట్టించలేదా?”

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. అందుకే నా పేరు డిగ్రీ అయిపోయింది. నేను సుద్ద తీసుకున్నాను.

“అట్ట భుజాల కొలతలు చదువు మామయ్యా.”

“అడుగు వైపు ఇరవై ఎనిమిది అంగుళాలు. పక్కలు ఇరవై ఆరు, ముప్పై.”

మూడూ కలిపితే ఎనభై నాలుగు, సగం నలభై రెండు. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే పదహారు, పద్నాలుగు, పన్నెండు. నలభై రెండుని ఆ మూడింటితోనూ గుణించాను. లక్షా పన్నెండు వేల ఎనిమిది వందల తొంభై ఆరు.

“అమ్మో! ఇంత కిటికీకి లక్షా?”

“ఆగు మామయ్యా. దీని వర్గమూలం మూడు వందల ముప్పై ఆరు. అదీ అట్ట వైశాల్యం.”

“వైశాల్యం నేనేం చేసుకోను? నాకు కావాల్సింది ఎత్తు” అంది అమ్మ.

“అక్కడికే వస్తున్నా. వైశాల్యాన్ని రెట్టింపు చేసి అడుగు భుజంతో భాగిస్తే ఎత్తొస్తుంది. ఇరవై నాలుగు.”

అమ్మ లేచి టేపు పెట్టింది. సరిగ్గా ఇరవై నాలుగు. టేపు వదిలేసి నా సుద్ద అంకెల్నే చూసింది.

“కొలవకుండా ఎలా తెలిసిందే నీకు?”

“అమ్మా, ఏ వైపు అడుగున పెట్టినా వైశాల్యం మారదు. అడుగు పెద్దదైతే ఎత్తు తగ్గి తీరాలి! ముప్పైని అడుగున పెడితే...” భాగహారం పూర్తయ్యేలోగా సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతోనే రాశాను. “ఇరవై రెండున్నర కూడా లేదు!”

“మన ముక్క ఇరవై మూడు!” మామయ్య అరిచిన అరుపుకి ఎదురు షాపాయన తొంగి చూశాడు.

“అట్ట తిప్పమంటావా?” అమ్మ గొంతు తగ్గింది.

“గీతలకైతే వద్దు. చినుకులకి పైనా కిందా ఏముందమ్మా?”

అమ్మ ఆ అద్దాన్ని గుమ్మం వెలుగులోకి పట్టుకెళ్లింది. నిలువుగా పట్టుకుంది, అడ్డంగా పట్టుకుంది, వాలుగా పట్టుకుంది. ఎటు తిప్పినా అవే బొట్లు.

“ఇన్నేళ్లూ దీన్ని కూడా గీతల అద్దంలాగే చూశాను” అంది. తిరిగొచ్చి తన చేత్తోనే అట్ట తిప్పింది. కొన లోపలే ఉంది! “అంచు పెచ్చులూడింది, పావు అంగుళం తీసెయ్యాలి. అప్పటికీ సరిపోతుందా?”

“సరిపోతుంది. ఇరవై రెండుంముప్పావు మిగులుతుంది. తీసెయ్.”

కట్టర్ కిర్రుమంటూ నడిచింది. మామయ్య జోకులు మాని బల్ల మీదికి వంగాడు. అమ్మ రెండు బొటనవేళ్లతో నొక్కింది. టక్. ఇంకో వైపు, టక్. ముక్కోణం చెక్కుచెదరకుండా బల్ల మీద నిలిచింది. మామయ్య నన్నెత్తి గిర్రున తిప్పబోయి, చుట్టూ అద్దాలు చూసి దింపేశాడు.

నాలుగింటికి బిగించాం. టీచరమ్మగారు మెట్లు పైకెక్కి చూశారు, కిందికి దిగి చూశారు. “ఏది కొత్తది?” అన్నారు. అమ్మ నవ్వి ఊరుకుంది.

కొట్టుకి రాగానే, అమ్మ అట్ట మీది ‘కింద’ చెరిపేసి ఒక వైపు ఇరవై నాలుగనీ, ఇంకో వైపు ఇరవై రెండున్నరకి లోపనీ రాసింది. “మూడోదానికెంతే?”

“దాదాపు ఇరవై ఆరు.”

అదీ రాసింది. ఆ తర్వాత గోడవారగా పేర్చిన, పనికిరావని పక్కన పెట్టిన ముక్కల వైపు నడిచింది. వాటిలో గీతల్లేనివన్నీ ఏరి ఒక్కొక్కటే బల్ల మీదికి తెచ్చి పెట్టసాగింది.

“అయిపోయింది” అన్నాడు మామయ్య. “ఇవాళ మనకి అన్నం లేదే డిగ్రీ.”

“కూర్చో” అంది అమ్మ, నాకు కొత్త సుద్ద అందిస్తూ.