పిటిషనరు ఫోను

వకీలమ్మ నోటి దురుసు కోర్టంతా ఎరిగిందే. ఫోన్ కంపెనీల మీద, ఇంటర్నెట్ కంపెనీల మీద జనం తరఫున కేసులు వేయడం ఆమె పని. ఫీజు ఉండదు గనక మొహమాటమూ ఉండదు. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి మెత్తగా మాట్లాడింది. ఇవాళ్టికీ తలుచుకుని కుమిలిపోయేది ఆ మెత్తని మాటకే.

ఫోన్ కంపెనీ పాత తీగ లైన్లన్నీ దండగని తీసిపారేసింది. లైన్లతోపాటు నంబర్లూ పోయాయి. నలభై వేల ఇళ్లు. లైను తిరిగివ్వాలి, లేదంటే అదే నంబరు సెల్‌ఫోనుకైనా మార్చివ్వాలి అన్నది కేసు. అందరి తరఫునా సంతకం పెట్టింది మాత్రం ఒక్కడే, కుట్టుమిషన్లు బాగుచేసే ఒక పెద్దాయన. పేటలో అందరూ మిషన్ బాబాయి అంటారు. ఇంకో నలుగురిని పోగేసి ఉండాల్సింది. పోగేయలేదు. ఒక్కడి కథయితే జడ్జి మనసుకు సూటిగా తగులుతుందని ఆమె లెక్క.

ఆ కథేమిటో మొదటిరోజే చెప్పాడాయన. కుర్చీ అంచున కూర్చుని, నూనె మరకలు పోని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా అక్కకీ నాకూ పన్నెండేళ్ల కిందట మాటా మాటా వచ్చిందమ్మా. తప్పు నాదే. నా గడప తొక్కొద్దన్నాను, అదీ ఫోన్లో. తను ఏడవలేదు. ఇల్లు మారుతున్నాను, కొత్త నంబరు నీకివ్వను, నాకు బుద్ధి పుట్టినప్పుడు నేనే చేస్తాను, నువ్వు మాత్రం నంబరు మార్చకు, అంది. ఇల్లు రెండుసార్లు మారాను గానీ నంబరు మార్చలేదు."

"ఎక్కడుందో వెతకలేదా బాబాయిగారూ?"

"వెతక్కుండా ఉంటానా? ఆ ఊరు వదిలేసి ఎటో వెళ్లిపోయిందన్నారు. మొండిది. కానీ అన్నమాట తప్పదు. ఎప్పటికైనా చేస్తుంది."

మొదటి వాయిదాకు ముందురోజు కంపెనీ వకీలు ఆఫీసుకొచ్చాడు. ఎదుటివాడి కొంప మునుగుతున్నా పళ్లికిలించే మనిషి, అందుకే నవ్వుల లాయరంటారు. మీ పిటిషనరు లైను రేపు పొద్దున్నే ఇచ్చేస్తాం, ఆయన ఊఁ అంటే చాలు అన్నాడు. ఊరికే వచ్చిన ఔదార్యం కాదని ఆమెకు తెలుసు. వేసినవాడి బాధ తీరిపోతే ఇక అడిగే నాథుడు లేడని కేసు కొట్టేయిస్తారు. మళ్లీ కొత్త మనిషిని పట్టుకుని మొదటినుంచీ రావాలంటే ఆరు నెలల పని.

సాయంత్రం బాబాయి కొట్టుకు వెళ్లింది. ఆయన ఒక మిషను కడుపు విప్పి చూస్తున్నాడు. ఆమె విషయమంతా దాచకుండా చెప్పింది. ఆ మాటకొస్తే చట్టప్రకారం ఆమె చేసిన తప్పేమీ లేదు.

"మీ ఇష్టమే బాబాయిగారూ. సరే అంటే రేపటికల్లా మీ ఫోను మోగుతుంది. కాకపోతే మిగతా నలభై వేల ఇళ్లూ గాలికి పోతాయి. ఆగితే మహా అయితే మూడు నెలలు."

మీ ఇష్టం అంటూనే తక్కెడ తనకు కావాల్సిన వైపు మొగ్గేలా వేలు పెట్టింది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి కాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"పన్నెండేళ్లు ఆగినవాణ్ణి. మూడు నెలలు ఓ లెక్కా అమ్మా?"

కోర్టులో మూడు నెలలు ఎన్నాళ్లకు పూర్తవుతాయో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఏడాది దాటింది. తీసేసిన నంబర్లకు జనం ఎన్నెన్నిసార్లు ఫోన్ చేసి విసిగిపోయారో ఆ చిట్టా దాఖలు చేయమని ఆమె పట్టుబట్టింది. మూడు పెద్ద సంపుటాలు వచ్చాయి. పెన్సిలు పట్టుకుని పేజీ పేజీ తిరగేసింది. రెండో సంపుటంలో బాబాయి నంబరు కనిపించింది. నవ్వుల లాయరు వచ్చి వెళ్లిన రెండో నెలలో, ఒకే వారంలో పదకొండు సార్లు చేశారు, అన్నీ ఒకే ఫోను నుంచేనని పక్కన గుర్తు ఉంది. తర్వాత మళ్లీ చేయలేదు.

ఆమెకు మొదట కలిగింది సంతోషం. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం. దీన్ని మించిన సాక్ష్యం దొరకదనుకుంది. ఆ పేజీకి ఎర్ర చీటీ అంటించింది. బాబాయికి ముందుగా చెప్పాలన్న ఆలోచన రాలేదు.

మర్నాడు గొంతెత్తి వాదించింది. "పదకొండు సార్లు, అయ్యా! ఎవరో ఒక మనిషి వారం పాటు ఒక తలుపు కొడుతూనే ఉన్నారు. ఈ నంబరు వాడుకలో లేదని ఈ కంపెనీ పదకొండు సార్లూ చెప్పింది. ఆ తర్వాత ఆ మనిషి కొట్టడం మానేశారు." జడ్జి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. కేసు గెలిచామని ఆమెకు ఆ క్షణానే తెలిసింది. గెలిచానన్న ఊపులో వెనక్కి తిరిగితే ఆఖరి బెంచీలో బాబాయి ముందు బెంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

వరండాలో ఆమెకు అడ్డం వచ్చాడు.

"ఆ చేసినవాళ్ల నంబరెంతమ్మా?"

"తెలీదు బాబాయిగారూ. చేసినవాళ్ల నంబర్ల మీద నల్ల సిరా పూసి ఇస్తారు."

"ఎవరు పూయమన్నారు?"

జనం నంబర్లు బయటపడకూడదని రెండేళ్ల కిందట కొట్లాడి తీర్పు తెచ్చుకుంది తనే.

"నేనే. వేరే కేసులో."

"మంచి పనేలే అమ్మా," అన్నాడాయన. అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆమె ఊరుకోలేదు. ఆ ఒక్క నంబరు చూపించమని దరఖాస్తు పెట్టుకుంది. చేసిన మనిషి ఒప్పుకుంటేనే చూపించాలి, ఒప్పుకోమని అడగడానికైనా ఆ మనిషెవరో బయటపెట్టకూడదు, కాబట్టి వీల్లేదు అంది కోర్టు. "మీరు రాయించిన తీర్పే కదండీ," అని నవ్వుల లాయరు నవ్వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పద్నాలుగో నెలలో తీర్పు వచ్చింది. నలభై వేల ఇళ్లకూ పాత నంబర్లు తిరిగొచ్చాయి. పత్రికల్లో ఆమె ఫోటో వేశారు. లా కాలేజీ వాళ్లు ఉపన్యాసానికి పిలిచారు. అక్కడ పిల్లలు పదకొండు సార్ల సంగతి చెప్పమని అడిగితే, ఆమె మంచినీళ్లు తాగి వేరే విషయంలోకి వెళ్లిపోయింది.

బాబాయి లైను వచ్చిన రోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఆయన నంబరుకు ఫోన్ చేసింది. చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసి పెట్టుకుంది. మూడు నెలలని నేనన్నది తప్పు, ఆ రోజే తీసుకోమని చెప్పాల్సింది, నన్ను క్షమించండి. మొదటి మోత పూర్తవకుండానే అవతల ఫోనెత్తారు.

"అక్కా! పెట్టెయ్యకే, నేనే. ఇక్కడే ఉన్నా."

ఆమె చేతిలో కాగితం చేతిలోనే ఉండిపోయింది.

"బాబాయిగారూ... నేనండీ."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"మీరా అమ్మా. బాగా వినపడుతోంది. లైను బాగుంది." మర్యాద గల మనిషి, గొంతు సర్దుకున్నాడు. "ఏమీ అనుకోనంటే ఒక్కమాట. ఇక మీదట ఈ నంబరుకు చెయ్యకండమ్మా. పనుంటే కబురు చేయండి, నేనే వచ్చేస్తాను."

"సరేనండీ," అంది. కాగితంలో రాసుకున్నది ఒక్కటీ చెప్పలేదు. లైను ఖాళీగా ఉండాలి గనక గబగబా ఫోను పెట్టేసింది.